పారిసు నగరమున గ్రీకు వీరులు: దోమియే శిలాముద్రణములు

పురాణకథను పూజించుట యొక రీతి. దానితో చనువుగా నవ్వుట మఱియొక రీతి. రెండవదానికి మన సారస్వతముననే నిదర్శనములు కలవు. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ యలుకపూని జగన్నాథుని శిరమునే కాలదన్నెను. కూచిపూడి భాగవతులు ఆ భామ యలుకనే కలాపముగా నాడిరి. ఐరోపాలో ఇట్టి చనువును రాతిపై గీసి, అచ్చొత్తించి, నగరవాసుల చేతికందించిన ఫ్రెంచి చిత్రకారుడు ఓనోరె దోమియే. అతని ‘ప్రాచీన చరిత్ర’ యను చిత్రమాలిక మనవంటివారు తలపోయదగినది.

దోమియే 1808లో మార్సేయి పట్టణమున జన్మించెను. తండ్రి కిటికీలకు అద్దములు బిగించు పనివాడు. కవి కావలెనను కోరికతో ఆయన ముందుగా పారిసు చేరగా, 1816లో కుటుంబమును అచటికే తరలివచ్చెను. కవిత్వము కడుపు నింపలేదు. బాలుడు చిన్ననాడే కొలువులలో కుదురవలసివచ్చెను. పిమ్మట శిలాముద్రణము నేర్చెను.

ఈ ముద్రణవిధానమును 18వ శతాబ్ది చివర బవేరియాలో అలాయ్స్ సెనెఫెల్డర్ కనుగొనెను. నున్నగా అరగదీసిన సున్నపురాతిపై జిడ్డుబలపముతో బొమ్మ గీయుదురు. ఆమ్లము, బంక కలిపి పూసి రాతిని సిద్ధపఱచి, పిదప నీటితో తడుపుదురు. గీతలేనిచోట నీరు నిలుచును. జిడ్డుగీత నీటిని త్రోసివేయును. నూనెసిరా పూసినచో తడిచోటు దానిని విడుచును, గీత పట్టుకొనును. కాగితము పఱచి యంత్రమున నొత్తగా బొమ్మ దిగును. ఉలితో పనిలేదు గనుక చిత్రకారుని చేతివేగము చెడక కాగితమున కెక్కును. పత్రికలకు ఇంతకన్న అనువైన చిత్రవిద్య ఆనాడు లేదు. పనితీరిన రాతిని అరగదీసి క్రొత్త బొమ్మకు వాడుట ఆ వృత్తిలో పరిపాటి. రాయి మఱచినను కాగితము జ్ఞాపకముంచుకొనెను.

1831లో దోమియే రాజైన లూయీ ఫిలిప్పును ప్రజాధనము మ్రింగు మహాకాయునిగా చిత్రించెను. అందుకు ఆఱునెలల శిక్ష పడగా 1832లో చెఱసాలకేగెను. 1834లో ట్రాన్స్‌నోనాఁ వీథియిండ్లలో సైనికులు నివాసులను చంపగా, నిద్రదుస్తులతో నేలపై పడియున్న మృతుని గీసి ఆ ఘోరమును లోకమునకు చూపెను. 1835 సెప్టెంబరు శాసనము చిత్రములకు ముందస్తు అనుమతిని విధించెను. రాజును గీయు దారి మూతపడగా, అతడు న్యాయవాదులను, ఇంటియజమానులను, వీథిలో నడచు సామాన్యులను చిత్రించెను. 1841 చివర పురాణవీరుల వంతు వచ్చెను.

‘ప్రాచీన చరిత్ర’ 1843 ప్రారంభము వరకు ‘ల షారివారి’ పత్రికలో వెలువడెను. చిత్రములు 50. వీనిలో వేషము గ్రీసుది, దేహము పారిసుది. ట్రాయి నగరము వెనుక పొగలుగ్రక్కుచుండగా బొజ్జ ముందుకు నెట్టుకొని మెనెలాసు విజయగర్వమున నడచుచుండును. ప్రక్కనున్న హెలెన్ ముక్కునకు వ్రేలానించి అతనిని వెక్కిరించును. నార్సిససు నీటిలో తన నీడనుచూచి మురియు ఎముకలగూడు. పిగ్మేలియను చెక్కిన ప్రతిమ ప్రాణము రాగానే వంగి శిల్పి చేతనున్న డబ్బీనుండి చిటికెడు పొడుము తీసికొనును!

అన్నియు వెక్కిరింతలే యనుకొనరాదు. ‘పెనెలోపి రాత్రులు’ అను చిత్రమున దీపము ప్రక్కన, నేతపని యెదుట అలసిన ఇల్లాలు కునుకుచుండును. గోడపై దూరమందున్న భర్త ముఖరేఖ కలదు. మన స్త్రీలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర స్ఫురింపక మానదు. ఊర్మిళ నిద్రించి నిరీక్షించెను, పెనెలోపి మేల్కొని నిరీక్షించెను. వలసపోయినవాని యింట ఎదురుచూచినవారికి ఈ రెండును తెలియును.

ఆనాటి పారిసులో గ్రీకు రోమను గాథలు పాఠశాలలను, చిత్రకళాశాలలను, రంగస్థలమును ఏలుచుండెను. 1838నుండి నటీమణి రాషెల్ ప్రాచీనఫక్కి విషాదనాటకములకు మరల వైభవము తెచ్చియుండెను. ఆ గాంభీర్యమును దోమియే యొక నవ్వుతో తాకెను. దీనిని అపచారమని కోపించిన కవిమిత్రుడొకని బోదలేరు 1857లో తన వ్యాసమున పేర్కొనెను. తాను మాత్రము చిత్రకారుని పక్షము వహించెను. పిమ్మట ఆఫెన్‌బాఖ్ 1858లో ఆర్ఫియసును, 1864లో హెలెన్‌ను సంగీతప్రహసనములుగా రంగమెక్కించెను. దోమియే సుమారు 4000 శిలాచిత్రములు గీసి, చూపు సన్నగిల్లి, 1879లో కన్నుమూసెను.

ఇదే శిలాముద్రణము మన దేశమునను దేవతలను ఇంటింటికి చేర్చెను. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమునుండి లక్ష్మీసరస్వతుల రంగుపటములు సామాన్యుల గోడలకెక్కెను. ఒకడు దేవతకు చీరకట్టి పూజకు నిలిపెను. ఒకడు వీరునకు బొజ్జపెట్టి నవ్వుకు నిలిపెను. ఇరువురును మహాప్రాసాదములందలి కథను చిన్నయింటికి దించినవారే.

ఇందొక సూక్ష్మము కలదు. హోమరు నెఱుగనివానికి మెనెలాసు బొజ్జ నవ్వు తెప్పింపదు. ఆనాడు బడిపిల్లవానికిని తెలిసిన ఆ హాస్యమునకు నేడు వ్యాఖ్యానము కావలసివచ్చుచున్నది. పరిహాసము అపచారమగునో కాదోయని పెద్దలు వాదింతురు. కథ తెలియనినాడు ఆ వాదమునకే తావులేదు. తమిళదేశమున మేలట్టూరులో తెలుగు భాగవతమేళ నాటకములు నిలిచియున్నవన్నచో, తరతరముల పిల్లలు వానిని కంఠస్థము చేసి, వేషముకట్టి, ఆడుటవలననే. బెంగుళూరున, షోలాపురమున, బరంపురమున, యానామున మన యిండ్లలో పెరుగు బాలిక సత్యభామ యలుకకు పకపక నవ్వినచో పెద్దలు కసరవలదు. ఆ నవ్వుటకు ముందు ఆమెకు కథ చెప్పినవారొకరు ఆ యింట నుండిరని సంతసింపవలెను.