ఐకిడో మణికట్టు పట్లు: ఖడ్గయుగం నుంచి ఆత్మరక్షణ వరకు – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

జపాను యుద్ధవిద్య అయిన ఐకిడో పేరు వినగానే, ప్రత్యర్థి మణికట్టును మెలిపెట్టి అతణ్ణి నేలకు దించే దృశ్యం చాలామందికి స్ఫురిస్తుంది. ఈ పట్లను ఆత్మరక్షణ విద్యగా నేడు అనేక దేశాలలో బోధిస్తున్నారు. అయితే తెగించి మీదపడే వ్యక్తి చేతిని నిజంగా ఇలా బంధించడం సాధ్యమా అనే సందేహం కూడా బలంగానే ఉంది. ఈ పట్లు ఏ అవసరం కోసం రూపొందాయో, తరువాత ఎలా మారాయో చారిత్రకంగా పరిశీలించి ఆ సందేహానికి సమాధానం వెదకడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఆయుధ నేపథ్యం

సమురాయ్ వీరుడు ఎడమ నడుమున ఖడ్గం ధరించి కుడిచేత్తో దూసేవాడు. ఆ మణికట్టును ఒడిసిపట్టుకుంటే కత్తి ఒర దాటి రాదు. ఆ పట్టును విడిపించుకోవడం ఖడ్గధారికి ప్రాణావసరం. ఐకిడో అభ్యాసంలో మణికట్టును పట్టుకొనే దాడులు అధికంగా ఉండడానికి సంప్రదాయం చెప్పే కారణం ఇదే. 1876లో మెయిజీ ప్రభుత్వం సైనికులు, పోలీసుల వంటి వారికి తప్ప ఇతరులకు బహిరంగ ఖడ్గధారణను నిషేధించింది. సందర్భం తొలగిపోయినా పట్లు మాత్రం గురుశిష్య పరంపరలో నిలిచాయి.

3. దైతో-ర్యు నుంచి ఐకిడోకు

అయిజు ప్రాంతానికి చెందిన తకేదా సొకాకు (1859–1943) దైతో-ర్యు విద్యను ఊరూరా తిరిగి బోధించాడు. 1915లో హొక్కయిదో ద్వీపంలోని ఎంగారులో ఉయెషిబా మొరిహెయ్ (1883–1969) ఆయనను కలుసుకొని శిష్యుడయ్యాడు. 1922లో బోధనాధికారం పొందాడు. దైతో-ర్యు తొలి పట్టికలోని 118 ప్రక్రియలు ఐదు వర్గాలుగా ఉంటాయి. నిక్యో, సంక్యో మొదలైన ఐకిడో పేర్లకు ఈ వర్గాల సంఖ్యాక్రమమే మూలం.

ఉయెషిబా 1931లో టోక్యోలో కోబుకాన్ అభ్యాసశాలను నెలకొల్పాడు. సైనిక, నావికాదళ అధికారులకు కూడా శిక్షణ ఇచ్చాడు. 1938 నాటి ‘బుదో’ గ్రంథంలో అనేక పట్లకు ముందు ముఖంపై దెబ్బ తీయాలనే సూచన కనిపిస్తుంది. ‘అతెమి’ అనే ఈ దెబ్బ ప్రత్యర్థి దృష్టినీ నిలకడనూ చెదరగొడుతుంది. అంటే ఆ దశలో పట్టు స్వతంత్ర ఆయుధం కాదు. దెబ్బ తరువాత వచ్చే ముగింపు. ఐకిడో అనే పేరు 1942లో స్థిరపడింది.

4. పట్టు పనిచేసే తీరు

ముంజేతిలోని రత్ని, అరత్ని అనే ఎముకల కదలిక వల్ల అరచేయి పైకీ కిందికీ తిరుగుతుంది. ఆ తిరుగుడుకు ఒక హద్దు ఉంది. కోతెగాయెషిలో ప్రత్యర్థి అరచేతిని ముంజేతి వైపు మడిచి వెలుపలికి తిప్పుతారు. నిక్యోలో మోచేయి వంగి ఉండగా మణికట్టును లోపలికి మెలిపెట్టి కిందికి నొక్కుతారు. సంక్యోలో ఆ లోపలి మెలిక మోచేతి మీదుగా భుజం వరకు పాకుతుంది. హద్దు చేరాక చేతి వెంట శరీరమూ కదలక తప్పదు. కానీ నిలకడగా నిలబడిన మనిషి ఆ హద్దు చేరకముందే చేతిని లాగేసుకోగలడు. అందుకే అతని సమతౌల్యం ముందుగా చెదరాలి.

5. యుద్ధానంతర పరీక్ష

ఉయెషిబా పోటీలను అంగీకరించలేదు. ఆయన శిష్యుడూ జూడో నిపుణుడూ అయిన తోమికి కెంజి (1900–1979) మాత్రం ప్రతిఘటించే వ్యక్తిపై పరీక్షించని ప్రక్రియ అసంపూర్ణమని భావించి, స్వేచ్ఛాభ్యాసాన్ని ప్రవేశపెట్టాడు. ఆయన ఎంపిక చేసిన 17 ప్రక్రియలలో దెబ్బకు సంబంధించినవి 5, మోచేతివి 5, మణికట్టువి 4, తేలించి పడవేసేవి 3. ఆయన ప్రధాన పాత్ర వహించగా 1956లో కోదోకాన్ సంస్థ రూపొందించిన ఆత్మరక్షణ క్రమంలో 21 ప్రక్రియలు ఉన్నాయి. వాటిలో 9 కత్తి, కర్ర, పిస్తోలు దాడులకు సంబంధించినవి. రెండు చేతులూ పట్టుకున్నప్పుడు చేయవలసిన మొదటి ప్రక్రియలో సైతం ముందు కణతపై దెబ్బ, చివరగా మణికట్టు పట్టు వస్తాయి.

మరొక శిష్యుడు షియోదా గోజో (1915–1994) 1955లో యోషింకాన్ శాఖను స్థాపించాడు. టోక్యో అల్లర్ల నిరోధక పోలీసులు అక్కడ శిక్షణ పొందారు. పోలీసు విధిలో లక్ష్యం ప్రత్యర్థిని ఓడించడం కాదు, గాయపరచకుండా అదుపులోకి తేవడం. పైగా పక్కన సహచరులుంటారు. ఒంటరిగా దాడికి గురైన వ్యక్తికి ఆ వెసులుబాటు ఉండదు. అతని లక్ష్యం తప్పించుకోవడమే.

6. ముగింపు

మణికట్టు పట్టు నిరుపయోగమనే వాదాన్ని గానీ, అదొక్కటే రక్షిస్తుందనే నమ్మకాన్ని గానీ ఈ చరిత్ర సమర్థించదు. ప్రత్యర్థి తానే చేతిని పట్టుకున్నప్పుడు, ఆయుధమున్న చేతిని అదుపు చేయక తప్పనప్పుడు, హాని తగ్గించి నిలువరించవలసినప్పుడు ఇది ఉపకరిస్తుంది. వేగంగా వచ్చే పిడికిలిని గాలిలో అందుకొని మెలిపెట్టడం దీని మూల ప్రయోజనం కాదు. దెబ్బను, సమతౌల్య భంగాన్ని, ప్రతిఘటనతో కూడిన అభ్యాసాన్ని వదిలి పట్టును మాత్రమే బోధిస్తే, అభ్యాసకునికి కలిగే ధైర్యం ఆపద సమయంలో అతనికే ముప్పు అవుతుంది. తోమికి తన 17 ప్రక్రియలలో మణికట్టుకు నాలుగింటినే కేటాయించడం ఈ దృష్టితో గమనించదగినది.