శునకాహారమున మత్స్యము

తిండికి ముఖము త్రిప్పుకొను పెంపుడు కుక్కకు రుచి పుట్టించుటకును, మేలైన మాంసకృత్తులను సమకూర్చుటకును, దాని నిత్యభోజనమున ఉడికించిన చేపను ఒక భాగముగా చేర్చు పద్ధతి పెక్కు దేశములందు కలదు. హైదరాబాదు పశ్చిమమున, ముంబయి రహదారిపై మియాపూరునకును చందానగరునకును నడుమ నున్న మదీనాగూడకు సముద్రము మిక్కిలి దూరమైనను, కొల్లేటి పరిసరములందలి చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె మంచుపెట్టెలలో నగరమునకు నిత్యము చేరుచుండుటచే, ఇచ్చటి అపార్టుమెంట్లలో కుక్కలను పెంచువారికి చేప సులభముగానే లభించును.

కుక్క తినకుండుటకు కారణమును ముందుగా విచారింపవలెను. గంట గంటకు బిస్కత్తులును, భోజనపు బల్లనుండి కబళములును అందుచుండు ఇంట దానికి ఆకలి యెట్లు పుట్టును? అయితే అంతవరకు చక్కగా తినుచుండిన కుక్క హఠాత్తుగా తిండి మానినచో దానిని పేచీగా భావింపరాదు. పిడుదుల వలన సంక్రమించు జ్వరము మొదలుకొని దంతవ్యాధి వరకు దానికి అనేక హేతువు లుండును గనుక పశువైద్యునికి చూపవలెను. ఆరోగ్యముగా నున్న కుక్క విషయమున మాత్రము చేప చక్కగా పనిచేయును. ఏలయన కుక్క తిండిని ఎంచుకొనుటలో వాసనకు పెద్దపీట వేయును, గోరువెచ్చని చేపకు వాసన మెండు.

వంద గ్రాముల శీలావతిలో సుమారు 17 నుండి 20 గ్రాముల మాంసకృత్తు లుండును. కవళ్లవంటి సముద్రపు చిన్న చేపలలో చర్మమునకును కీళ్లకును హితమైన ఒమేగా-3 క్రొవ్వులు అధికము. సొర, తూర వంటి పెద్ద వేటచేపలలో పాదరసము పేరుకొనును గనుక వానిని మానుట మేలు.

పచ్చిచేప విషయమున మిక్కిలి జాగరూకత అవసరము. 1932లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున చాస్టెక్ అను పెంపకందారుని నక్కలు, పచ్చి కార్పు చేపలను తినుచుండి, క్రమముగా ఆకలి చెడి, కాళ్లు పట్టుదప్పి మరణించెను. ఆ రోగమునకు చాస్టెక్ పక్షవాతమను పేరు నిలిచినది. చేపలలోని థయామినేజు అను ఎంజైము బి1 విటమినును ధ్వంసము చేయుటయే దానికి మూలమని తరువాతి పరిశోధనలు తేల్చెను. నక్క శునకమునకు దగ్గరి బంధువు. మన బజారున విరివిగా అమ్ముడగు శీలావతి, బొచ్చె కార్పు కుటుంబమునకు చెందినవే. మంచుపెట్టెలో దాచినంత మాత్రమున ఈ ఎంజైము నశింపదు, చక్కగా ఉడికించినచో నశించును. పరాన్నజీవులును దానితోనే చచ్చును. కావున ఉప్పు, కారము, నూనె లేకుండ నీట ఉడికించి, ముండ్లు ఒక్కటియు మిగులకుండ వ్రేళ్లతో నలిపి చూచి పెట్టవలెను. ఇంటి చేపలపులుసులోని ముక్కను కడిగి పెట్టుటయు తగదు. అందలి ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమునందలి ఎర్రకణములను చెరచును. ఎండుచేపలలో ఉప్పు అధికము గనుక అవియు తగవు.

చేపయు అన్నమును మాత్రమే సమగ్రాహారము కాజాలవు. ముల్లు తీసిన మాంసమున భాస్వరము హెచ్చు, కాల్షియము తక్కువ. కుక్క ఆహారమున కాల్షియము భాస్వరమునకు సమానముగానో, రెట్టింపు మించకుండనో ఉండవలెను. కాల్షియపు లోపము ఎదుగుచున్న కూనల యెముకలకు చేటు తెచ్చును. సమతులమైన ఆహారమునకు పైచేర్పుగా పెట్టునది దినశక్తిలో పదవవంతు మించరాదని పశువైద్యుల సాధారణ నియమము. పది కిలోల బరువుగల వయోజన శునకమునకు రోజుకు సుమారు 600 కిలోకేలరీలు వలయు ననుకొన్నచో, అందు పదవవంతు ఇంచుమించు 60 గ్రాముల శీలావతి యగును. అంతమేరకు తక్కిన తిండిని తగ్గింపవలెను. అంతకంటె ఎక్కువగా, ప్రధానాహారముగా చేపనే పెట్టదలచినవారు కాల్షియము మొదలగువాని మోతాదును పశువైద్యునిచే నిర్ణయింపజేసికొనవలెను.

మొదటిసారి చెంచాడు మాత్రమే పెట్టి, రెండు మూడు దినములు విరేచనములు, దురద కలుగకున్నచో క్రమముగా పెంచవచ్చును. క్లోమవ్యాధి, మూత్రపిండవ్యాధి గల కుక్కలకు వైద్యుని అనుమతి లేనిదే చేప పెట్టరాదు.