కంప్యూటర్ మెనూలో ‘పింఛను’ అని పెట్టుకోవచ్చా? ఎలా పెట్టాలి, ఏం చూసుకోవాలి?

నిజామాబాద్, బోధన్ వైపు చాలా ఇళ్లలో పరిస్థితి ఇదే. నాన్న 2015 డిసెంబర్‌లో మూతపడ్డ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో చేసి ఈపీఎస్ పింఛను తీసుకుంటుంటారు. లేదంటే అమ్మకు బీడీల పీఎఫ్ ఖాతా ఉంటుంది. పాస్‌బుక్ చూడాలన్నా, జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ కాపీ తీయాలన్నా గూగుల్‌లో వెతుకుతారు. పైన కనిపించిన లింకు నొక్కేస్తారు. అసలు చిక్కు అక్కడే. అది సర్కారు సైటే అని గ్యారంటీ లేదు.

సరైన అడ్రస్‌ను ఒకసారి మెనూలో తెలుగు పేరుతో పెట్టేస్తే ప్రతిసారీ వెతకాల్సిన పని ఉండదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిశాక పాత కంప్యూటర్లలో ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకుంటున్నవాళ్లున్నారు. అందుకే దాని సిన్నమన్ డెస్క్‌టాప్‌నే ఇక్కడ తీసుకున్నాం.

ఎలా పెట్టాలి?

మెనూలో ‘వెబ్ యాప్స్’ అనే ప్రోగ్రామ్ తెరిచి ప్లస్ గుర్తు నొక్కండి. పేరు దగ్గర ‘నాన్న పింఛను’ అని తెలుగులోనే రాయొచ్చు. తెలుగు కీబోర్డు లేకపోతే కీబోర్డు సెట్టింగ్స్‌లోని లేఅవుట్ల జాబితా నుంచి చేర్చుకోండి. తర్వాత అడ్రస్, బొమ్మ, ఏ విభాగంలో కనిపించాలి, ఏ బ్రౌజర్‌లో తెరుచుకోవాలి అన్నవి ఇవ్వాలి. బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్ ఎంచుకుంటే ‘నేవిగేషన్ బార్’ అనే ఆప్షన్ వస్తుంది. దాన్ని ఆన్ చేయండి. ఆఫ్‌లో ఉంటే విండోలో అడ్రస్ కనిపించదు, ఏ సైట్‌లో ఉన్నారో తెలియదు. పదిమంది వాడే కంప్యూటర్ అయితే ప్రైవేట్ విండో ఆప్షన్ కూడా పెట్టండి.

పేరు చూసి నమ్మొద్దు

మెనూలోని పేరు గుమ్మం మీది బోర్డు లాంటిది. లోపల ఏముందో అది చెప్పదు. ‘మీసేవ’ అని పేరు పెట్టి ఎవరైనా ఏ సైట్‌కైనా దారి పెట్టొచ్చు. కాబట్టి నెట్ సెంటర్‌లోనో, ఇంకొకరు సెట్ చేసిన కంప్యూటర్‌లోనో అయితే ముందు పరిశీలించండి. మెనూ బటన్‌పై రైట్ క్లిక్ చేసి ‘కన్ఫిగర్’లోకి వెళ్తే మెనూ ఎడిటర్ తెరిచే బటన్ ఉంటుంది. అందులో ఆ ఎంట్రీ ‘ప్రాపర్టీస్’ చూస్తే ‘కమాండ్’ అనే పొడుగాటి వరుస వస్తుంది. వెబ్ యాప్ అయితే అడ్రస్ ఆ వరుసలోనే ఉంటుంది.

అడ్రస్‌లో రెండు గీతల తర్వాత వచ్చే మొదటి ఒంటి గీతకు ముందు భాగం ‘డాట్ జీఓవీ డాట్ ఐఎన్’తో ముగియాలి. ఈపీఎఫ్‌ఓ, జీవన్ ప్రమాణ్, తెలంగాణ మీసేవ మూడూ అలాంటివే. ఆ అక్షరాలు మధ్యలో ఎక్కడో ఉండి చివర్లో డాట్ కామ్ లాంటిదేదో వస్తే అది సర్కారు సైట్ కాదు. చుక్కల బదులు అడ్డగీతలతో ‘జీఓవీ-ఐఎన్’ అని ఉన్నా అంతే.

అక్కర్లేనివి తీసేయాలంటే?

మెనూ నిండా తెలియని పేర్లుంటే పెద్దవాళ్లు తడబడతారు. ఎడిటర్‌లో ఎంట్రీ పక్కన టిక్ తీసేస్తే అది మెనూలో కనిపించదు. ప్రోగ్రామ్ మాత్రం కంప్యూటర్‌లోనే ఉంటుంది. మెనూలోనే రైట్ క్లిక్ చేస్తే వచ్చే ‘అన్‌ఇన్‌స్టాల్’ వేరు, అది ప్రోగ్రామ్‌నే తొలగిస్తుంది. తొందరలో దాన్ని నొక్కకండి.

మీరు చేసిన మార్పులు మీ లాగిన్‌కే పరిమితం. ఇంట్లో ఇంకొకరికి వేరే లాగిన్ ఉంటే వాళ్ల మెనూలో మళ్లీ పెట్టాల్సిందే. అంతా గందరగోళమైతే ఎడిటర్‌లో మెనూను మొదటి స్థితికి తెచ్చే బటన్ కూడా ఉంది.

ఇంకో మాట. ఈపీఎస్ పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్‌ను నవంబర్‌లోనే ఇవ్వాలనేం లేదు. ఏడాదిలో ఎప్పుడిచ్చినా అప్పటి నుంచి 12 నెలలు చెల్లుతుంది. ఆ గడువు తేదీని మెనూలో పేరు పక్కనే రాసి పెట్టుకోవచ్చు.