"లైనక్స్ మీద నడుస్తుంది" అంటే ఏ లైనక్స్ మీద?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న మాట వెనకాల ఉన్న పెద్ద కథ చెప్పుకుందాం. ఆ మాట "సపోర్టెడ్".

ఒక కంపెనీ డబ్బు పెట్టి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కొనుక్కుంది అనుకోండి. దాని డాక్యుమెంట్లలో ఒక పట్టిక ఉంటుంది. ఏయే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద తేడా వస్తే మేం బాధ్యత తీసుకుంటాం, అని. ఆ పట్టికలో ఊరికే "లైనక్స్" అని రాయరు. రెడ్ హ్యాట్ ఫలానా వెర్షన్, సూసే ఫలానా వెర్షన్ అని రాస్తారు. ప్రపంచంలో వందల డిస్ట్రిబ్యూషన్లు ఉంటే పట్టికలో రెండో మూడో పేర్లే ఎందుకున్నాయి? ఇదీ ఈరోజు మన ప్రశ్న.

ముందు ఒక విషయం గుర్తు పెట్టుకోండి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది కెర్నల్ మాత్రమే. ఒక సర్వర్ నడవాలంటే దాని పైన సీ లైబ్రరీ కావాలి, కంపైలర్ కావాలి, ప్యాకేజీలు పెట్టే పద్ధతి కావాలి. ఇవన్నీ కలిపి, సరిచూసి ఇచ్చేదే డిస్ట్రిబ్యూషన్. 1993లోనే స్లాక్‌వేర్, డెబియన్ వచ్చేశాయి. తర్వాత రెడ్ హ్యాట్, జర్మనీ నుంచి సూసే. ఎవరి కూర్పు వాళ్లది.

సోర్స్ కోడ్ చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. గుడ్డ ఇస్తే ఎవరి కొలతకి వాళ్లు కుట్టించుకుంటారు కదా, అలా ప్రతి డిస్ట్రిబ్యూషనూ తనకు తగ్గట్టు కంపైల్ చేసుకుంటుంది. కానీ వ్యాపార కంపెనీలు గుడ్డ ఇవ్వవు, కుట్టేసిన చొక్కా ఇస్తాయి. అంటే బైనరీ. ఒకరి కొలతకి కుట్టింది ఇంకొకరికి పట్టాలంటే కష్టమే.

1998 జులైలో ఒరాకిల్, ఇన్ఫర్మిక్స్ రెండూ తమ డేటాబేస్‌లను లైనక్స్‌కి తెస్తామని ప్రకటించాయి. అప్పటిదాకా చాలా ఆఫీసుల్లో లైనక్స్ అంటే కుర్రాళ్ల సరదా. ఆ ప్రకటనతో దానికి పరువు వచ్చింది. దాంతోపాటే తలనొప్పులూ వచ్చాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ కొన్ని భాగాలను మన మెషీన్ మీదే, అక్కడున్న సీ లైబ్రరీతో మళ్లీ లింక్ చేస్తుంది. ఆ లైబ్రరీ పేరు జీలిబ్‌సీ. 1997 నుంచి 2000 మధ్యలో అది 2.0, 2.1, 2.2 అని మారుతూ పోయింది. 2000 సెప్టెంబర్‌లో వచ్చిన రెడ్ హ్యాట్ 7.0లో ఉన్నది 2.2కి ముందస్తు రూపం. ఒరాకిల్ 8ఐ తయారైంది 2.1 లెక్కతో. అందుకని దాన్ని అక్కడ పెట్టాలంటే పాత లైబ్రరీని పక్కన పెట్టుకుని, ప్యాచ్ వేసి లింక్ చేయాల్సి వచ్చేది. అదే 7.0లో కంపైలర్ కూడా జీసీసీ 2.96. జీసీసీ బృందం అధికారికంగా ఎప్పుడూ విడుదల చేయని వెర్షన్ అది! దాంతో కంపైల్ చేసిన సీ ప్లస్ ప్లస్ బైనరీలు అటు 2.95తోనూ, ఇటు 3.0తోనూ కలవవు.

ఇప్పుడు అమ్మేవాడి వైపు నుంచి ఆలోచించండి. నాలుగు డిస్ట్రిబ్యూషన్లు, ఒక్కోటీ ఏడాదికోసారో అంతకన్నా ముందో కొత్త వెర్షన్. అన్నిటి మీదా టెస్ట్ చేయాలి. అర్ధరాత్రి కస్టమర్ ఫోన్ చేస్తే అదే సెటప్ తన దగ్గర పెట్టుకుని, తప్పు డేటాబేస్‌దా, లైబ్రరీదా, కెర్నల్‌దా తేల్చాలి. "నడుస్తుంది" వేరు, "సపోర్ట్ చేస్తాం" వేరు. మొదటిది టెక్నాలజీ, రెండోది ఖర్చు.

దీనికి రెండు దారులు కనిపించాయి. ఒకటి, అందరూ ఒక ప్రమాణానికి ఒప్పుకోవడం. అదే లైనక్స్ స్టాండర్డ్ బేస్. 2001లో మొదటి వెర్షన్ వచ్చింది. దీనికి తగ్గట్టు ఒక్కసారి కడితే ఎక్కడైనా నడవాలి అన్నది ఆశ. 2006లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. మధ్యలో 2002లో సూసే, కాల్డెరా, కొనెక్టివా, టర్బోలైనక్స్ కలిసి యునైటెడ్ లైనక్స్ అని ఉమ్మడి పునాది వేశాయి. కాల్డెరాయే ఎస్‌సీఓగా పేరు మార్చుకుని 2003లో ఐబీఎం మీద లైనక్స్ గురించి దావా వేయడంతో ఆ పొత్తు నిలవలేదు.

రెండో దారి, పరుగు ఆపడం. 2002 మార్చిలో రెడ్ హ్యాట్ "అడ్వాన్స్‌డ్ సర్వర్ 2.1" తెచ్చింది. ఇప్పటి ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ మొదలైంది అక్కడే. దీని రహస్యం కొత్త ఫీచర్ కాదు, మారకపోవడం! లైబ్రరీ వెర్షన్లు కదపరు, భద్రతా సవరణలు మాత్రం పాత వెర్షన్లకే అతికిస్తారు, ఏళ్ల తరబడి. ఆ 2.1కి 2009 దాకా సవరణలు వచ్చాయి. సూసే ఎంటర్‌ప్రైజ్ సర్వర్‌దీ ఇదే పద్ధతి.

గెలిచింది రెండో దారే. ఎందుకంటే ప్రమాణం ఎంత బాగున్నా రాత్రి ఫోన్ ఎత్తదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కావాల్సింది పేరున్న ఇద్దరు ముగ్గురు భాగస్వాములు. 2015లో స్టాండర్డ్ బేస్ 5.0 వచ్చింది, అదే ఏడాది డెబియన్ దాన్ని పాటించే పని దాదాపుగా వదిలేసింది. మన అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు అంటే ఎక్కువగా రెడ్ హ్యాట్ కోర్సే అవడానికి మూలం కూడా ఈ పట్టికే.

మరి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఎంపిక ఏమైంది? జనం ఒక ఉపాయం కనుక్కున్నారు. రెడ్ హ్యాట్ సోర్స్ తీసుకుని మళ్లీ కట్టడం. 2004లో సెంటాస్ అలా వచ్చిందే. 2006లో ఒరాకిల్ కూడా అదే పని చేసి, దానికి తనే సపోర్ట్ అమ్మింది. సెంటాస్ మీద ఒరాకిల్ డేటాబేస్ సాంకేతికంగా నడిచేది, కానీ పట్టికలో ఆ పేరు లేదు. ఇక 2020 డిసెంబర్ 8న సెంటాస్ 8కి దెబ్బ తగిలింది. 2029 దాకా అనుకున్న సవరణలు 2021 చివరికే ఆగిపోతాయన్నారు. ఎనిమిదేళ్ల ప్లాన్ ఒక్క ప్రకటనతో పోయింది! అందులోంచే ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ పుట్టాయి. 2023లో రెడ్ హ్యాట్ సోర్స్ ఇచ్చే పద్ధతిని కూడా బిగించింది.

"కంటైనర్లు వచ్చాయి కదా, ఇంకా ఈ గొడవ ఎందుకు?" అని అడగొచ్చు. 2013లో డాకర్ వచ్చాక ప్రోగ్రామ్ తన లైబ్రరీలను తనే మోసుకెళ్తోంది, నిజమే. కానీ కింద కెర్నల్ హోస్ట్‌దే. మైక్రోసాఫ్ట్ 2017లో ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని లైనక్స్‌కి తెచ్చినప్పుడూ పేర్కొన్నవి మూడే: రెడ్ హ్యాట్, సూసే, ఉబుంటు.

కాబట్టి లైనక్స్ సర్వర్ ప్రపంచం ఇలా ఇరుకైంది కెర్నల్ వల్ల కాదు, ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న వల్ల. మీ ఆఫీసులో ఏదైనా కొనేముందు ధర కాగితంతో పాటు ఆ పట్టిక కూడా తెరవండి. మీ డిస్ట్రిబ్యూషన్ పేరు, వెర్షన్, ఏ సంవత్సరం దాకా, మూడూ చూడండి. మూడిట్లో ఏది లేకపోయినా ఆ రాత్రి ఫోన్ ఎత్తాల్సింది మీరే.