సెప్టెంబర్ 17కు అటూ ఇటూ: వరంగల్ పల్లెల్లో స్వేచ్ఛ హద్దులు

1948లో నిజాం సైన్యం లొంగిపోయిన సెప్టెంబర్ 17 ఏటా దగ్గరపడిందంటే మన దగ్గర ఒకటే లొల్లి. అది విమోచనమా, విలీనమా, విద్రోహమా? 2022లో కేంద్రం విమోచన దినమంటే రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. పేరు కోసం ఇంత పట్టుబట్టే పెద్దలందరూ ఒక్క దగ్గర మాత్రం ఏకమే: స్వేచ్ఛ ఫలానా తారీఖున వచ్చింది, అంతకుముందు లేదు, ఆ తర్వాత ఉంది. నెక్కొండ, నర్సంపేట, మానుకోట వైపు పల్లెల సంగతి తెలిసినవాళ్లకు ఈ లెక్క కుదరదు.

స్వేచ్ఛ అంటే ఏమిటన్న తత్త్వచింతన జోలికి ఎక్కువ పోను. మన పాత ఆలోచనలో ముక్తి అంటే జననమరణాల నుంచి, దొర నుంచి కాదు. పాల్కురికి సోమనాథుడి నాటి వీరశైవం కులం గీతను చెరపబోయింది గాని, శివుడి ముందర చెరిగిన గీత పొలం గట్టు మీద చెరగలేదు. అక్కడ ఇంగ్లండులో జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో, ఎదుటివాడికి హాని చేయనంతవరకు మనిషి జోలికి ఎవరూ పోకూడదన్నాడు. వెనకబడిన సమాజాలకు ఆ సూత్రం వర్తించదని కూడా అదే పుస్తకంలో అన్నాడు. ఈస్టిండియా కంపెనీలో ముప్పై ఐదేళ్లు నౌకరీ చేసిన మనిషి మరి!

నిజాం రాజ్యంలో చట్టమన్నదే లేదని మామూలుగా రాస్తుంటారు. నిజానికి కాగితాలకు కొదవలేదు. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించింది. వెట్టిని అదుపు చేస్తామంటూ ఫర్మానాలు వచ్చాయి, అప్పు కింద చాకిరీ చేసే బాగేలా ఒప్పందాల మీద రెగ్యులేషన్ కూడా వచ్చింది. మొదటిదాన్ని గట్టిగా అమలు చేశారు. రెండో రకం కాగితాలు ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. వాటిని చదివి వినిపించాల్సిన పట్వారీ, అమలు చేయించాల్సిన మాలీ పటేల్, పోలీస్ పటేల్ ఎవరి మనుషులు? వెట్టి చేయించుకునే దొరల మనుషులే. అధికారి ఊళ్లోకి వస్తే సామాను మోసేవాడికీ, దొర గడికి ఊరికే చెప్పులు కుట్టి ఇచ్చేవాడికీ, తండ్రి తీసుకున్న నాగు (ధాన్యం అప్పు) తీర్చలేక జీతానికి కుదిరిన పిల్లవాడికీ రాజ్యమంటే ఆ ముగ్గురే. నెక్కొండకు దగ్గరి ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 1922లోనే ‘తెనుగు’ పత్రిక పెట్టారు. ఒక పల్లె నుంచి వారపత్రిక రావడం ఆ రోజుల్లో చిన్న ముచ్చట కాదు. అయితే అచ్చయ్యే మాటకు దొరికిన ఆ కాస్త చోటు, అక్షరం రాని జీతగాడికి దొరకలేదు. అతని దాకా వచ్చింది ఆంధ్ర మహాసభ, అదీ 1940ల్లో జనం నోట ‘సంఘం’గా మారాక. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య ప్రాణం పోయాక వెట్టి ఊరూరా ఆగుతూ వచ్చింది. ఏ ఊళ్లో ఎప్పుడు ఆగిందో ఆ ఊరి తారీఖు వేరే.

చరిత్రకారులు తొందరగా దాటేసే కాలం 1948 సెప్టెంబర్ నుంచి 1951 అక్టోబర్ దాకా. నిజాం సైన్యం ఐదు రోజుల్లో లొంగిపోయింది. కానీ కమ్యూనిస్టుల సాయుధ పోరాటం ఆగలేదు, మిలిటరీ పాలనలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్షలు వేశాయి. వాటిలో కొన్నింటిని హైదరాబాద్ హైకోర్టు 1949 డిసెంబర్ రెండో వారంలో ఖాయం చేసింది. సుమారు ఆరు వారాలకు రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ ఖైదీల తరఫున వాదించడానికి లండన్ నుంచి బారిస్టర్ డి.ఎన్. ప్రిట్ వచ్చారు. జనార్దన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1950 డిసెంబర్‌లో చెప్పింది సూటిగా ఇదీ: హైకోర్టు తీర్పు వెలువడేనాటికి రాజ్యాంగం లేదు, హైదరాబాద్ భారత భూభాగమూ కాదు, కాబట్టి మీకు ఇక్కడ అప్పీలు లేదు. విచారణలో తమకు వకీలును ఇవ్వలేదంటూ మరుసటి ఏడు వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్లూ కొట్టేశారు. విమోచనం 1948లోనే అయిపోయిందంటున్నారు. ఉరికొయ్య ముందున్న మనిషికి మాత్రం 1949 డిసెంబర్‌లో ఆ నేల భారతదేశం కాదు.

తీర్పు చట్టరీత్యా తప్పని అనను. రాజ్యాంగాన్ని వెనక్కి జరిపితే ఎక్కడ ఆపాలన్న చిక్కు నిజమే. తర్వాత ఆ శిక్షలు తగ్గించారు కూడా. ఇంకోమాటా చెప్పాలి. పోరాట దళాల చేతిలో చనిపోయినవాళ్లకు వకీలూ లేడు, అప్పీలూ లేదు. పోరాటాన్ని స్వేచ్ఛా చరిత్రగా రాసేవాళ్లు ఆ పేజీ తిప్పేస్తారు.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. సరే, కానీ జీతగాడి మీది బాకీ అట్లాగే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి పాతికేళ్లు పట్టింది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం తాను రద్దు చేసే పద్ధతుల జాబితాలో బాగేలా, జీతం, పాలేరు, వెట్టి అన్నింటినీ పేరుపేరునా రాసింది. వెట్టి కింద పెట్టిన అప్పే చెల్లదంది. బాకీ పోకుండా మనిషి విడుదల కాడన్న మాట తత్త్వవేత్తల కంటే ఆ సెక్షనే బాగా పట్టుకుందని నా అభిప్రాయం. చిత్రమేమిటంటే అది ఎమర్జెన్సీలో వచ్చిన చట్టం. అదే 1976 ఏప్రిల్‌లో జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధంలో ఉన్నవాడు హెబియస్ కార్పస్ అడగలేడంది. ఒక చేత్తో పాలేరును విడిపించి, ఇంకో చేత్తో దేశాన్ని బంధించారు. ఊళ్లో మాత్రం దొర, పటేల్ పట్టు సడలడానికి వంశపారంపర్య పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దు కావడం కూడా అంతే అవసరమైంది. మన పాఠ్యపుస్తకాలకు అది పాలనా సంస్కరణ మాత్రమే.

తర్వాతి కాలంలో హక్కుల మాటకు మన జిల్లా కట్టిన ఖరీదు పెద్దది. పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథాన్ని 1985 సెప్టెంబర్ 3న హన్మకొండలో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అదే సంఘం వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991 డిసెంబర్‌లో చంపారు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన హక్కుల నేత బాలగోపాల్, రాజ్యహింసను నిలదీస్తూనే, విప్లవకారుల హింసనూ ప్రశ్నించాలన్నారు. ఆ మాట ఇటువాళ్లకూ అటువాళ్లకూ రుచించలేదు.

ఇప్పుడు వెట్టి లేదు. ఎవరూ ఎవరి గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడవరు. ఇది చిన్న మార్పు కాదు. కానీ సభకు అనుమతి అడిగే అలవాటు పోలేదు. హైదరాబాద్‌లో ఊరేగింపులు నిషేధించే ఉత్తర్వుల్లో ఉటంకించే సిటీ పోలీసు చట్టం పేరులో ఇంకా నిజాం నాటి 1348 ఫస్లీ సంవత్సరం ఉంది. జిల్లాల్లో ‘పోలీస్ యాక్ట్ 30 అమలు’ అని పేపర్లో ఓ మూలన వార్త పడుతుంది. ఆ చట్టం 1861 నాటిది. ఉద్యమం చేసి తెచ్చుకున్న రాష్ట్రంలోనే 2017లో ఇందిరా పార్కు ధర్నాచౌక్‌ను ఎత్తేస్తే, ఏడాదిన్నర తర్వాత హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. వీధుల్లో సభను క్రమబద్ధం చేయవచ్చు గాని అసలుకే వద్దనడం కుదరదని సుప్రీంకోర్టు 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో చెప్పింది. సెప్టెంబర్ 17కు ఏ పేరు పెట్టాలని కొట్లాడుకునే పార్టీల్లో ఏదీ, అధికారంలో ఉండగా, ఈ రెండు పోలీసు చట్టాలను రద్దు చేయలేదు.