గోరంట్ల సీమలో ట్యాంకు రంగు: డ్యూకో కథ

చిత్రావతీ తీరాన, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న గోరంట్ల వంటి ఊళ్లకు మోటారు సైకిళ్లు అందించిన తొలి కర్మాగారాలలో, 1955లో బుల్లెట్ల కూర్పు మొదలైన మద్రాసు, 1960 దశకారంభంలో జావాలు తయారుచేసిన మైసూరులవి ముఖ్యమైనవి. ఈ బళ్ల ట్యాంకులకు మళ్లీ వేసే రంగును జనం ‘డ్యూకో’ అనేవారు. నిజానికి అది 1920లలో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్క పేరు; అంటే థిన్నర్ అనే ద్రావకంలో కరిగి, ఆ థిన్నర్ ఆవిరికాగానే గట్టిపడే రంగు. కుంచెతో పూసే ఎనామెల్ గంటల తరబడి తడిగా ఉండి, కరువు సీమ దుమ్మునంతా అంటించుకునేది గనుక, నిమిషాల్లో ఆరే డ్యూకోకు ఆదరణ దక్కింది.

ఇంటి పెరట్లో ఈ పని చేసేవారు పెట్రోలు వంపేసి, మంటకు దూరంగా, ఆవిరి పోయేదాకా ట్యాంకును ఆరబెట్టి, తుప్పును గీకి, సొట్టలను లప్పంతో, అనగా పూడ్చే ముద్దతో, పూడ్చి, తడిపిన ఎమరీ కాగితంతో చేతికి గరుకు తగలనంతగా నునుపు చేసి, ప్రైమర్ అనే తొలి పూత వేసి, దాని మీద పలుచని పొరలుగా రంగు చిమ్మేవారు. అయితే మూత దగ్గర ఒలికిన పెట్రోలు లక్కను మసకబార్చేది. అందుకే తర్వాతి కాలంలో, గట్టిపరిచే రసాయనం కలిపి వాడే పాలీయురెథేన్ పూత దాని స్థానాన్ని ఆక్రమించింది.