ఒకే దరఖాస్తు రెండుమార్లు చేరకుండుటకు

వెబ్‌పుట కేవలము పఠనమునకే ఉపకరించిన దినములలో, ఒకే పుటను బ్రౌజరు ఎన్నిమార్లు కోరినను సర్వరునకు కలుగు హాని లేకుండెను. ఫారములు వెలసి, జనులు వానియందు వివరములు నింపి, సొమ్ము చెల్లించి, వస్తువులు కొను కాలము వచ్చిన పిమ్మట, కదలని తెరను చూచి ఆతురతతో మరల నొక్కిన బటన్ రెండవ కొనుగోలునకు హేతువగుట ఆరంభమయ్యెను.

ఈ భేదమును తొలినాటి నిర్దేశకర్తలు ఎరుగనివారు కారు. టిమ్ బెర్నర్స్‌లీ, డాన్ కానొలీలు 1995 నవంబరున వెలువరించిన హెచ్.టి.ఎం.ఎల్. 2.0 పత్రమున, శాశ్వతఫలితము లేని విచారణకు గెట్ పద్ధతిని, డేటాబేసును మార్చు సమర్పణకు పోస్ట్ పద్ధతిని విధించిరి. అయినను పోస్టునకు సర్వరు నేరుగా ఒక పుటను బదులుగా పంపినచో, తెరపై "ధన్యవాదములు" అని కనబడుచున్నను, ఆ పుట వెనుక బ్రౌజరు నిలుపుకొనియుండునది సమర్పణయే. రిఫ్రెష్ నొక్కి, బ్రౌజరు అడుగు ప్రశ్నకు సరే యన్నచో, అదే పేరు, అదే మొత్తము మరల బయలుదేరును.

దీని విరుగుడు ఒక దోషమునుండి జనించుట ఈ చరిత్రలో మిక్కిలి ఆశ్చర్యకరమైన ఘట్టము. సర్వరు 302 సంకేతముతో వేరొక చిరునామాకు మళ్లించినపుడు, పోస్టును పోస్టుగానే కొనిపోవలసిన బ్రౌజర్లు కొన్ని దానిని గెట్‌గా మార్చివేయుచుండెను. ఇది తప్పని 1996 మే నెలలో వచ్చిన హెచ్.టి.టి.పి. 1.0 పత్రమే ఎత్తిచూపెను. మరుసటి జనవరిలో వెలువడిన 1.1 నిర్దేశము ఆ మార్పునకే ధర్మబద్ధమైన స్థానమిచ్చుచు 303 సంకేతమును నెలకొల్పెను. సమర్పణను స్వీకరించి, మళ్లించి, ఫలితమును గెట్ ద్వారా చూపు ఈ మార్గమును 2004లో మైకేల్ జురవ్లెవ్ ఒక వ్యాసమున విపులముగా ప్రతిపాదించెను. ఇట్లు చేసినచో రిఫ్రెష్ వలన మరల వచ్చునది ఫలితపుటయే గాని కొనుగోలు గాదు.

కాని వెనువెంటనే పడిన రెండు నొక్కులను మళ్లింపు ఆపజాలదు. జావాస్క్రిప్టుతో బటన్‌ను పనిచేయకుండ చేయుట చాలునని తలచువారు కలరు. జవాబు దారిలో తెగిపోయి, మనుష్యుడు పుటను మరల తెరచినపుడు ఆ ఉపాయము నిష్ఫలము. స్ట్రట్స్ వంటి జావా ఫ్రేంవర్కులు ఫారమున కంటికి కనబడని టోకెన్ నొకదానిని ఉంచి, దానిని సెషన్‌లోని ప్రతితో పోల్చి, తొలి సమర్పణతోనే రద్దుచేయు పద్ధతికి వీలు కల్పించెను. స్ట్రైప్ వంటి చెల్లింపు సంస్థల ఐడెంపొటెన్సీ కీ, అనగా కోరికతో కూడ పంపు విశిష్టమైన గుర్తు, ఇంతకంటె దయగల ఏర్పాటు: అదే కీతో మరల వచ్చిన కోరికను తిరస్కరింపక, సొమ్ము రెండవమారు తీయక, తొలి జవాబునే తిరిగి అందించును.

ఇన్ని సాధనములు చేతనుండగా, "రిఫ్రెష్ నొక్కవద్దు, వెనుకకు పోవద్దు" అని తెరపై వ్రాసి, సొమ్ము పోయెనేమోయని కలవరపడువానిపై భారము మోపుట నిర్మాతకు తగదు. ఆ హెచ్చరికను తొలగించి, ఆ కాపలా సర్వరునకే అప్పగింపుడు.